వాన లేని దేశానికి తపసి బంక

అడవి సరుకు కొనే ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రాళ్లు ముగ్గురు మొన్నామధ్య నంద్యాలలో మా ఇంటికి వచ్చారు. ఓబులేసు గారు పాతకాలం మనిషి, బంక చూడగానే ఏ గుట్ట మీదిదో చెబుతాడని వాళ్లకు ఎవరో చెప్పారట. చెబుతాను, అందులో అబద్ధం లేదు. కానీ వాళ్లు అడిగినవేమిటంటే రిజిస్టరు ఎట్లా రాయాలి, ఆడిట్ వాళ్లకు ఏం జవాబు చెప్పాలి, ప్రమోషన్ ఎన్నేళ్లకు వస్తుంది. నాకు ఒళ్లు మండింది. కాఫీ ఇచ్చి పంపించేశాను. వాళ్లు వీధి మలుపు తిరిగాక సిగ్గేసింది. వాళ్లకు అడగడం తెలియకపోతే చెప్పడం నాకు తెలియాలి కదా. ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం లేదు, అందుకే రాస్తున్నాను.

మాది మిడుతూరు. నాకు సేద్యం చేతకాదని ఇంట్లో అందరూ ఒప్పేసుకున్నాక, డెబ్బైల మొదట్లో ఒక సహకార సంఘంలో బంక గ్రేడరుగా చేరాను. నల్లమలలో చెంచులు ఏరి తెచ్చే బంక, తేనె, కుంకుడుకాయలు కొని పట్నాలకు పంపడం ఆ సంఘం పని. ఇప్పుడు ఆ సంఘం లేదు. ఆఫీసు నంద్యాలలో ఉండేది, నా డిపో ఆళ్లగడ్డ అవతల కొండ కింద. డిపో అంటే ఒక రేకుల షెడ్డు, ఒక కాటా, కాలు విరిగిన బల్ల. ఆళ్లగడ్డలో అద్దె గది తీసుకుని రోజూ సైకిలు తొక్కుకుంటూ పోయేవాణ్ణి.

మంగమ్మ వెంట్రుక

తపసి చెట్టు తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. అది బండల సందుల్లో, పిడికెడు మన్ను లేని చోట పెరుగుతుంది. ఎండాకాలం ఆకులన్నీ రాల్చేసి తెల్లటి ఒంటితో నిలబడుతుంది. ఒంటికాలి మీద తపస్సు చేసే మనిషిలా ఉంటుంది కాబట్టే ఆ పేరు అనేవాళ్లు చెంచులు. బెరడు మీద చిన్న గొడ్డలితో గీస్తే బంక కారి, నాలుగైదు రోజులకు గట్టిపడుతుంది. దాన్ని ఒలుచుకుని, గాయం అంచున మళ్లీ రవ్వంత గీస్తారు. అంతే పని. తెల్లగా పటిక ముక్కలా ఉంటే మొదటి రకం, గోధుమ రంగుది రెండోది, బెరడూ ఇసుకా అంటుకున్నది మూడోది. పాతబడితే పుల్లటి వాసన కొడుతుంది. గ్రేడరు కంటితో చూడాలి, ముక్కుతో చూడాలి, నాలుక మీద పెట్టుకుని కూడా చూడాలి. మొదటి ఏడాది నేను ఇవేవీ చూడలేదు. వానాకాలం తడి బంకను బస్తాల్లో కుక్కి కట్టించాను. నంద్యాల చేరేసరికి బస్తా బస్తా ఒక్కొక్క బండరాయి అయింది. సమ్మెట తెప్పించి పగలగొట్టించారు.

ఆ బంక ఎక్కడికి పోతుందో నాకు మూడేళ్ల వరకు తెలియదు. నంద్యాలలో లారీ ఎక్కుతుంది, బొంబాయి పోతుంది, అంతవరకే. తెలుసుకోవాలని అనిపించలేదు కూడా. తెలిసింది ఒక వెంట్రుక వల్ల.

డిపోలో బంక శుభ్రం చేసే ఆడవాళ్లలో మంగమ్మ అని ఒకామె ఉండేది. గూడెంలో పెద్దమనిషి గురవయ్య భార్య. చిన్న కత్తితో బంక మీది బెరడు గీకడంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఒకసారి బొంబాయి నుంచి ఉత్తరం వచ్చింది. మన సరుకు ఓడ ఎక్కి ఏదో చలి దేశం చేరిందట. అక్కడ ఎవరో బస్తా విప్పి చూస్తే పొడుగాటి వెంట్రుక కనబడిందట. ఆ బస్తాతో పాటు మొత్తం సరుకు వెనక్కి కొట్టారు. ఇకమీదట శుభ్రం చేసే ఆడవాళ్లందరూ తలకు గుడ్డ కట్టుకోవాలని ఆర్డరు. నేను వాళ్లను కూర్చోబెట్టి సంగతి చెప్పాను. మంగమ్మ కత్తి కింద పెట్టి పడీపడీ నవ్వింది.

“నేను నంద్యాల గూడ చూడ్లేదు. నా ఎంటిక ఓడెక్కి పోయిందా?” అంది.

మరుసటి రోజు నుంచి గుడ్డ కట్టుకుంది. నవ్వు మాత్రం చాలా రోజులు పోలేదు. ఎక్కడో ఎవరో చిరాకు పడితే ఇక్కడ నలభై తలలకు గుడ్డలు పడటం నాకూ అప్పట్లో తమాషాగానే అనిపించింది.

శేషాచలం గారు

మా మేనేజరు శేషాచలం గారు కోస్తా నుంచి వచ్చినవాడు. చెడ్డవాడు కాదు, లంచం ముట్టలేదు, కింది వాళ్లను తిట్టలేదు. చెడ్డ బాసు దగ్గర మనం ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉంటాం. మంచివాడి దగ్గర కళ్లు మూసుకుని పని చేస్తాం. అదీ ప్రమాదం. నా అనుభవంలో మంచివాళ్ల మాట మీద జరిగినంత నష్టం చెడ్డవాళ్ల వల్ల జరగలేదు.

ఆయనే ఒకరోజు నన్ను నంద్యాలకు పిలిపించి బల్ల మీద ఒక చిన్న రేకు డబ్బా పెట్టాడు. తెల్లటి మెత్తని పొడి. ఇదేమిటో తెలుసా ఓబులేసూ, మన తపసి బంకే, అన్నాడు. ఆ చలి దేశాల్లో ముసలివాళ్లు కట్టుడు పళ్లు జారిపోకుండా చిగుళ్లకు అంటించుకుంటారట. విరేచనం కాకపోతే మందుగా మింగుతారట. ఐస్‌క్రీములో కూడా వేస్తారట. నేను కొంచెం వేలికి రాసుకుని చూశాను. నిజంగా మన బంకే.

తరువాత ఆయన అసలు సంగతి చెప్పాడు. ఆఫ్రికాలో సూడాన్ వైపు తుమ్మ జాతి చెట్ల నుంచి వచ్చే బంక ప్రపంచమంతా వాడతారు. అక్కడ ఏళ్ల తరబడి వానల్లేవు. పశువులు చచ్చాయి, జనం ఊళ్లు వదిలారు, బంక రావడం లేదు. ఆ బంక కొనేవాళ్లందరూ ఇప్పుడు మన బంక కోసం తిరుగుతున్నారు. ఈ ఎండాకాలం రెండింతలు కావాలి.

“వాళ్ల కరువు మన అదృష్టమయ్యా,” అన్నాడాయన. అని, వెంటనే నాలుక కరుచుకుని, “అట్లా అనకూడదులే పాపం,” అన్నాడు.

రెండింతలు అంటే ఎట్లా? చెట్లు రెండింతలు కాలేవు కదా. ఆ మాట నేను అడగలేదు. ఆయనే చెప్పాడు: గాటు వెడల్పు చేయించు, లోతు చేయించు, వదిలేసిన చెట్లు కూడా గీయించు. సరే సార్ అని బస్సెక్కాను.

నార కట్టిన చెట్లు

గురవయ్య మాట చెప్పాలి. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. మాట్లాడితే రెండు ముక్కలు, లేకపోతే అదీ లేదు. చెంచుల్లో ఒక్కో ఇంటికి ఒక్కో గుట్ట వాలు ఉండేది, కాగితం లేదు, హద్దురాయి లేదు, అయినా ఒకరి చెట్టు మీద ఇంకొకరు గొడ్డలి పెట్టరు. గురవయ్య వాలులో అరవై దాకా తపసి చెట్లు ఉండేవి. తండ్రి గీసిన చెట్లు, తాత గీసిన చెట్లు. ఆయన ఎప్పుడూ సగమే గీసేవాడు, మిగతా సగానికి మొదట్లో నార తాడు కట్టేవాడు. నార కట్టిన చెట్టును పగవాడు కూడా ముట్టడు. రెండేళ్లు పడుకుంటే గాయం మానుతుంది, అప్పుడు నార విప్పి, చెట్టు మొదట్లో రవ్వంత తేనె పోసి, మళ్లీ గీస్తాడు. గాటు అరచెయ్యి కన్నా వెడల్పు ఉండదు. ఆయన బంకకు నేను కళ్లు మూసుకుని మొదటి రకం రాసేవాణ్ణి.

వాళ్లింట్లో ఎన్నిసార్లు అంబలి తాగానో లెక్క లేదు. ఎండలో మోకాళ్ల నొప్పులంటూ కొండెక్కి పోతే మంగమ్మ అడగకుండానే ముంత చేతికి ఇచ్చేది.

రెండింతల కబురు చెప్పగానే మిగతా గూడెం వాళ్లు ఒప్పుకున్నారు. కొందరికి తాగుడు ఉంది, కొందరికి ఇంట్లో ఆకలి ఉంది, వాళ్లను నేను ఏమీ అనను. గురవయ్య ఒప్పుకోలేదు.

“అవి పండుకోనుండాయి సారూ. లేపగూడదు,” అన్నాడు.

ఎన్ని చెప్పినా అదే మాట. నేను చేయకూడని పని చేశాను. మరుసటి వారం ఆయన తెచ్చిన తెల్లటి బంకను రెండో రకం కింద, తక్కువ ధరకు రాశాను. ఆ తరువాతి వారం మూడో రకం. గురవయ్య బంక వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఖాళీ సంచి భుజాన వేసుకుని పోయాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారే, అది ఎట్లా ఉంటుందో ఆ రోజు నాకు తెలిసింది. అయినా ఆగలేదు. నంద్యాల నుంచి వారానికి రెండు కార్డులు వస్తున్నాయి, సరుకేదీ అని.

నేను అన్న ఊ

మూడో వారం నేనే కొండెక్కాను. గురవయ్య గుడిసె ముందు కూర్చుని గొడ్డలికి పిడి చెక్కుతున్నాడు. మంగమ్మ ముంత ఇచ్చింది. ఈసారి బెదిరించే ఓపిక కూడా లేక, ఉన్న సంగతి చెప్పాను. సముద్రం అవతల ఒక దేశం ఉందని, అక్కడ ఏళ్లకేళ్లు చినుకు లేదని, గొడ్లన్నీ చచ్చాయని, జనం పిల్లాజెల్లాతో నడిచి పోతున్నారని, వాళ్ల చెట్లకు బంక రావడం లేదని, అందుకే మన బంక అడుగుతున్నారని.

గురవయ్య చెక్కడం ఆపాడు.

“ఆడ జనాలు ఏం తింటాండారు మల్ల?” అని మంగమ్మ అడిగింది.

ఏముంది, తిండి లేదు, అన్నాను.

గురవయ్య గొడ్డలి పక్కన పెట్టాడు. తరువాత మెల్లగా అన్నాడు: “మా నాయన కాలంలో ఒకేడు వాన ల్యాకపాయె. గడ్డలు గూడ దొరకలే. బంక నీళ్లలో నానబెట్టుకోని తాగినాము. కడుపులో ఉబ్బుతాది, ఆకలి తెలీదు. ఆళ్లు గూడ అందుకే అడుగుతాండారా సారూ?”

రేకు డబ్బా నా కళ్ల ముందు కదిలింది. కట్టుడు పళ్లు, ఐస్‌క్రీము. కాదు గురవన్నా అని ఒక్క మాట చాలు. ఆ వాన లేని దేశం వేరు, ఈ బంక పోయే దేశం వేరు. ఆకలిగా ఉన్నవాళ్లకు నీ బంకలో ఒక్క ముక్క కూడా చేరదు. చెబితే ఆయన మళ్లీ పిడి చెక్కుకునేవాడు, నేను ఉత్త చేతులతో కొండ దిగేవాణ్ణి.

“ఊ,” అన్నాను.

అంతే. వేరే ఏ మాటా నేను అనలేదు. ఉద్యోగంలో నేను రాసిన తప్పుడు రాతలకు చాలా వాటికి సంజాయిషీ ఇచ్చుకోగలను. ఆ ‘ఊ’కు ఇచ్చుకోలేను.

గురవయ్య లేచి వాలు వైపు నడిచాడు. నేను వెంట పోయాను. ఒక్కొక్క చెట్టు దగ్గర వంగి నార విప్పుతూ పోయాడు. తేనె పోయలేదు. ఎండాకాలం మొదలు కాబట్టి ఇంట్లో తేనె లేదు. “ఆకలికి గదా, ఏమనుకోవులే,” అని చెట్లతోనే అన్నాడు. విప్పిన తాళ్లన్నీ చుట్టగా చుట్టి నడుముకు కట్టుకున్నాడు. ఆ రోజు సైకిలు తొక్కుకుంటూ వస్తుంటే నాకు సంతోషంగా ఉంది. సరుకు దొరికిందన్న సంతోషం. అబద్ధం చెప్పను, బాధ చాలా తరువాత వచ్చింది.

ఇంకా ఘోరం, గాటు ఎట్లా పెట్టాలో ఆయనకు నేను నేర్పాను. పుట్టినప్పటి నుంచి చెట్టును ఎరిగినవాడికి మిడుతూరు నుంచి వచ్చిన నేను నేర్పాను. రెండు చేతుల వెడల్పు, లోపలి కర్ర తగిలేదాకా, మొదలు చుట్టూ. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, వాళ్ల తాతల చెట్లతో నేను పుణ్యం మూటగట్టుకుంటున్నట్టు మాట్లాడాను.

చెట్టు వెంటనే చావదు

కొత్తగా చేరినవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోండి. చెట్టు వెంటనే చావదు. వెంటనే చస్తే మనకు బుద్ధి వచ్చేది. మొదటి ఎండాకాలం బంక ధారగా కారింది. రెండో ఏడూ బాగానే వచ్చింది, షెడ్డు నిండింది, శేషాచలం గారు నా భుజం తట్టాడు. దాని వల్ల నాకు ఏం ఒరిగిందో ఇక్కడ రాయను. మూడో ఏడు తొలకరి పడ్డా కొన్ని చెట్లు చిగురు వేయలేదు. గాయాల్లో పురుగు చేరింది. ఆషాఢం గాలికి ఒక్కొక్కటే బండల మీద కూలాయి. లోపల చూస్తే డొల్ల.

గురవయ్య నన్ను పిలుచుకుపోయి చూపించాడు. కోపం చూపలేదు. కూలిన చెట్టు పక్కన కూర్చుని బెరడు నిమిరాడు, అంతే. నేను మనసు గట్టి చేసుకుని, తప్పైంది గురవన్నా, అన్నాను. నీదేముంది సారూ, ఆకలి అట్లాంటిది, అన్నాడు. అప్పుడైనా నిజం చెప్పవచ్చు. చెప్పలేదు. ఆయన ఓదారుస్తుంటే ఓదార్పించుకుని వచ్చాను.

ఆ తరువాత సూడాన్ వైపు వానలు పడ్డాయట. వాళ్ల బంక మళ్లీ వచ్చింది. బొంబాయి నుంచి ఉత్తరాలు తగ్గాయి, తరువాత ఆగిపోయాయి. షెడ్డులో మిగిలిన బస్తాలు పులిసి వాసన కొట్టాయి. అక్కడ చినుకు రాలితే ఇక్కడ డిపో మూతపడింది. శేషాచలం గారు బదిలీ అయ్యాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, బంక గీత మీద నిషేధం కూడా అప్పుడే వచ్చింది. గీయడానికి చెట్టే లేని వాలు మీద కూడా ఆ నిషేధం ఉంది. నన్ను నంద్యాల గోడౌనుకు మార్చారు. గురవయ్య ఇల్లు కొండ దిగిందని ఎవరో చెబితే విన్నాను. చూడటానికి పోలేదు.

శిరివెళ్ల దగ్గర

ఎనభైలలో ఒక ఏడు మన సీమకు కరువు వచ్చింది. సెనక్కాయ విత్తనం నేలలోనే మాడింది. ఏదో పని మీద నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోతుంటే శిరివెళ్ల దాటాక బస్సు టైరు పేలింది. అందరం దిగాము. రోడ్డు పక్కన కరువు పని నడుస్తోంది, వరుసగా కూర్చుని కంకర కొడుతున్నారు. ఆ వరుసలో గురవయ్య ఉన్నాడు. ఎంత చిక్కిపోయాడంటే, మంగమ్మ పక్కన లేకపోతే గుర్తుపట్టేవాణ్ణి కాదు. ఆమె తలకు గుడ్డ కట్టుకుని ఉంది. దుమ్ముకు కట్టుకుంది. నాకు మాత్రం డిపో గుర్తొచ్చింది.

తప్పించుకుని పోవాలని చూశాను. గురవయ్యే పిలిచాడు. పక్కన చోటు చూపించాడు, నీళ్ల ముంత ఇచ్చాడు. ఇల్లు బాగుందా, మోకాళ్ల నొప్పులు తగ్గాయా అని అడిగాడు. నేను వాళ్లను ఏమీ అడగలేదు. కనబడుతూనే ఉంది.

ఆయన సమ్మెట పక్కన పెట్టాడు.

“ఆ దేశమోళ్లకు వానలు పడ్నాయా సారూ?”

ఏ దేశం అని అడగాల్సిన పని లేకపోయింది. పడ్డాయి, ఎప్పుడో పడ్డాయి, అన్నాను. ఈసారి నిజమే చెప్పాను.

గురవయ్య ముఖం విప్పారింది. మంగమ్మ వైపు తిరిగి, చూసినావా, అన్నట్టు తల ఆడించాడు. ఆ తరువాత కొంచెం ముందుకు వంగి, పదిమందికి వినబడకూడని మాటలాగా అన్నాడు.

“ఈ యేడు మనకు ల్యాకపాయె గదా. ఆ సంగతి ఆళ్లకు తెల్దేమో. తెలిస్తే ఏమన్నా పంపించకపోతారా? నీకు ఆళ్ల అడ్రసు తెలుసు. ఒక కార్డు ముక్క రాయి సారూ.”

మంగమ్మ నన్నే చూస్తోంది. బంక ఆకలి దేశానికి పోలేదని ఆమెకు ఎప్పుడో తెలిసిపోయిందని నా అనుమానం. డిపోలో పదేళ్లు పనిచేసిన మనిషి, బస్తాల మీద రాసిన ఊరి పేర్లు లారీ వాళ్ల నోట వినే ఉంటుంది. ఆమె ఏమీ బయటపెట్టలేదు.

“లెయ్యి సారూ, నీ బస్సు పోతాంది,” అంది.

నిజంగానే టైరు మార్చడం అయిపోయింది, డ్రైవరు హారన్ కొడుతున్నాడు. నేను లేచాను. గురవయ్య తల ఎత్తి జవాబు కోసం చూస్తున్నాడు.

“ఊ,” అన్నాను.

ఆయన తృప్తిగా సమ్మెట అందుకున్నాడు. బస్సు కదిలాక వెనక్కి తిరిగి చూస్తే, ఆయన నడుముకు నార తాళ్ల చుట్ట ఇంకా ఉంది. ఆ కార్డు నేను రాయలేదు.